నాయనమ్మ చెప్పింది, నేను వినలేదు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా పలకరించాలని ఒక కాగితం రాసుకొచ్చాను. నలభై నిమిషాలన్నది ఇరవైకి తగ్గించారు కాబట్టి ఆ కాగితం జేబులోనే ఉంటుంది. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం అయోర్టా వంపులోనూ దాని కొమ్మల్లోనూ పుట్టుకతో వచ్చే తేడాలు. పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని అంటారు. నా నోటికి అయోర్టా అలవాటు, అలాగే అంటాను. గుండెలోంచి పైకి లేచి, గాలిగొట్టానికి ఎడమ పక్కగా వంగి, వెనక్కి తిరిగి కిందికి దిగుతుంది. ఆ వంపు మీంచి మూడు కొమ్మలు తల వైపు, చేతుల వైపు పోతాయి. గర్భంలో ఆరు జతల ధమనులు పుట్టి, కొన్ని చెరిగి, కొన్ని నిలిచి ఈ ఆకారం వస్తుంది. నాలుగో జతలో ఎడమది వంపుగా నిలుస్తుంది. చెరగాల్సింది చెరక్కపోయినా, నిలవాల్సింది చెరిగిపోయినా తేడా. పిండశాస్త్రం స్లైడ్లు పద్దెనిమిది తెచ్చాను, అవన్నీ ఈ మూడు వాక్యాలే. దాటేస్తున్నాను.

మూడుకు బదులు రెండే కొమ్మలు వచ్చే రకం ఒకటి ఉంది, చాలా మామూలు, ఏ బాధా ఉండదు. దాన్ని స్కాన్ రిపోర్టుల్లో ‘బొవైన్ ఆర్చ్’ అని, అంటే ఆవు వంపు అని రాస్తారు. పశువుల డాక్టరైన మా బావమరిదికి చూపిస్తే పడీపడీ నవ్వాడు. “ఆవుకి ఇలా ఎక్కడుంది బావా? ఆవుకి వంపు మీంచి ఒక్కటే పెద్ద మొదలు వస్తుంది” అన్నాడు. వాడు చెప్పిందే నిజం. ఎవరో పెట్టిన తప్పు పేరు, అందరం అలాగే రాస్తున్నాం. రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడి వచ్చే తల్లిదండ్రులకు ఈ ఆవు కథ చెప్పి పంపండి.

ఇక నేను చెప్పాలని వచ్చింది. 1996లో కోనసీమ లంక ఊరి నుంచి తొమ్మిది నెలల మగపిల్లాణ్ని తీసుకొచ్చారు. ఊపిరి తీస్తే గురగుర, కుక్క మొరిగినట్టు దగ్గు. ఆయాసం అన్నాను. సిరప్ రాశాను, నెబ్యులైజర్ పెట్టించాను. తగ్గలేదు, మోతాదు పెంచాను. వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ ఒకే మాట చెప్పేది: “డాక్టరుగారండీ, పాలు తాగినన్నాళ్లూ ఏదో తాగాడండి. అన్నం మొదలెట్టాక ముద్ద దిగట్లేదండి. పడుకుంటే తల వెనక్కి విరుచుకుంటాడండి.” నేను ఏమన్నానో తెలుసా? “ముద్ద మెత్తగా కలపండి అమ్మా” అన్నాను. ఎనిమిది నెలలు! ఎనిమిది నెలలు ఆవిడ చెబుతూనే ఉంది, నేను ఆవిరి పెట్టిస్తూనే ఉన్నాను.

ఒకరోజు ఆవిడ నన్ను అడగలేదు. పిల్లాణ్ని బల్ల మీద పడుకోబెట్టి, మెడ ముందుకు వంచి చూపించింది. గురగుర రెట్టింపైంది. తల వెనక్కి వాల్చింది, తగ్గింది. మళ్లీ ముందుకు వంచింది. ఊపిరితిత్తుల్లో ఆయాసమైతే మెడ వంచితే మారుతుందా? అప్పుడు తోచింది నాకు. ఎక్స్‌రేలో కనబడే బేరియం ద్రవం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక రెండు పక్కలా నొక్కుకుపోయి కనబడింది. పిల్లాడికి అయోర్టా వంపులు రెండు. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి వచ్చి, గాలిగొట్టాన్నీ అన్నవాహికనూ మధ్యలో పెట్టి వెనకాల కలుసుకున్నాయి. ఉంగరంలో వేలు ఇరుక్కున్నట్టు.

హైదరాబాద్ పంపాను. ఎడమ పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి, సన్నగా ఉన్న ఎడమ వంపును రెండు చివరలా కట్టి కోశారు. ఇలాంటి ఉంగరాన్ని మొదట కోసి విడదీసింది బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్, 1945లో. అంటే మా పిల్లాడికి యాభై ఏళ్ల ముందే దారి వేసి ఉంది, వాణ్ని ఆ దారికి చేర్చాల్సింది నేను. అప్పటికి ఆరోగ్యశ్రీ లేదు, అది 2007లో వచ్చింది. వాళ్లు అరెకరం కొబ్బరితోట అమ్ముకున్నారు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని నెలలు గురగుర ఉంది. ఏళ్ల తరబడి కాకపోయినా, నెలల తరబడి నలిగిన గొట్టం ఒక్కరోజులో గట్టిపడదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పండి, లేకపోతే ఆపరేషన్ ఫెయిలైందనుకుంటారు.

ముద్ద దిగట్లేదన్న మాట ఆవిడతో మొదలవలేదు. లండన్‌లో డేవిడ్ బేఫర్డ్ అనే డాక్టరు 1794లో ఒక స్త్రీ గురించి అచ్చు వేయించాడు. ఏళ్ల తరబడి మింగలేక మింగలేక, చివరికి తిండి లేక చనిపోయింది. కోసి చూస్తే కుడి చేతికి పోయే ధమని వంపుకి ఎడమ చివర పుట్టి, అన్నవాహికను అడ్డంగా దాటుతోంది. ప్రకృతి ఆడిన చిలిపి ఆట అన్న అర్థంలో దానికి ‘లూసోరియా’ అని పేరు. నిజానికి ఆ ధమని ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. థైరాయిడ్ సర్జన్లకు మాత్రం ఒక హెచ్చరిక: వీళ్లలో గొంతు నరం కుడివైపు మామూలు దారిలో ఉండదు.

టైమ్ అయిందని చీటీ పంపారు. ఇంకో ఐదు నిమిషాలు.

వంపు దాటాక అయోర్టా సన్నబడటాన్ని కోఆర్క్టేషన్ అంటాం. ఇది ఉంగరం కంటే చాలా ఎక్కువగా చూస్తాం, చాలా తొందరగా చంపుతుంది. పుట్టినప్పుడు గుండె దగ్గరి డక్టస్, అంటే గర్భంలో పనిచేసిన చిన్న రక్తనాళం, తెరిచే ఉంటుంది కాబట్టి బిడ్డ గులాబీలా ఉంటుంది. అది మూసుకోగానే కింది సగానికి రక్తం అందదు. తొమ్మిదో రోజున నా దగ్గరికి ఒక పాప వచ్చింది, బూడిదరంగులో, పాలు మానేసి. అందరూ సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ అంటున్నారు. గజ్జల్లో వేలు పెట్టాను, నాడి లేదు. డక్టస్‌ను తెరిచి ఉంచే మందు ప్రోస్టాగ్లాండిన్ తెప్పించేలోపే పాప చనిపోయింది. పాపను ఇంటికి పంపిన ఆసుపత్రి కాగితం మీద ‘పల్సెస్ నార్మల్’ అని అచ్చులో ఉంది. కంప్యూటర్లో ప్రతి బిడ్డకూ వచ్చే లైను అది! ఎవరూ తాకలేదు. పాదానికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్ ఉందిగా అంటారు కొందరు. కోఆర్క్టేషన్ పిల్లల్లో చాలామందికి అది మామూలు అంకెలే చూపిస్తుంది.

అందుకని నా మిగతా స్లైడ్లు వద్దు. సిస్టర్ గారు పక్క వార్డులో ముగ్గురు తల్లులను అడిగి ఒప్పించారు. నలుగురు నలుగురుగా రండి, ఒక చెయ్యి బిడ్డ కుడి మోచేతి మడతలో, ఒకటి గజ్జల్లో. రెండూ ఒకేసారి తగలాలి. ముందు చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ రుద్ది వెచ్చబెట్టుకోండి. చల్లటి చెయ్యి తగిలితే ఏడుస్తారు, ఏడుస్తుంటే నాడి దొరకదు.