పాత మట్టిబొమ్మల పక్కన కొత్త పని: ముంబై భావూ దాజీ లాడ్ మ్యూజియం కథ

[విజువల్: బైకల్లా స్టేషన్ నుంచి రాణీబాగ్‌కి వెళ్లే రోడ్డు, గేటు దగ్గర టికెట్ల క్యూ]

అందరికీ నమస్తే. రాణీబాగ్ అంటే ముంబైలో మనవాళ్లకి పిల్లల్ని తీసుకెళ్లి పెంగ్విన్లు చూపించే జూ, అంతే. పక్కనే ఉన్న పాత బిల్డింగు ఏంటని అడిగితే చాలామంది చెప్పలేరు. అది ఈ ఊళ్లోకెల్లా పాత మ్యూజియం. 1872లో తెరిచారు, మున్సిపల్ కార్పొరేషన్‌ది, అంటే నగరం సొంత కలెక్షన్ అన్నమాట. అప్పట్లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అనేవారు, 1975లో దాని కోసం బాగా కష్టపడ్డ డాక్టర్ భావూ దాజీ లాడ్ పేరు పెట్టారు. చరిత్ర ఇంతటితో ఆపేస్తా. ఆ పాత వస్తువుల మధ్యలోకి ఇప్పటి ముంబై ఆర్టిస్టుల్ని పిలిస్తే ఏం జరిగిందో చూద్దాం.

[విజువల్: పై అంతస్తు, అద్దాల బీరువాలు, మట్టిబొమ్మల క్లోజప్]

ముందు పాతది చూడాలి, లేకపోతే కొత్తది బుర్రకెక్కదు. ఈ బీరువాల్లో ఉన్నవి మట్టిబొమ్మలు: రకరకాల కులాలవాళ్లు, పనివాళ్లు, ఎవరి కట్టూ బొట్టూ వాళ్లది. చూడగానే మన దసరా బొమ్మల కొలువు గుర్తొస్తుంది. కానీ కొలువు మన సరదాకి మనం పెట్టుకునేది. ఇక్కడ మాత్రం దొరల కాలంలో "బొంబాయిలో ఫలానావాళ్లు ఇలా ఉంటారు" అని మనుషుల్ని రకాలుగా విడదీసి అద్దాల వెనక నిలబెట్టారు. ఆ బొమ్మలు చేసిన చేతుల్ని మాత్రం తక్కువ చేయలేం. తలపాగా మడతలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఇంకో సంగతి, ఈ మ్యూజియానికి మొదట్నుంచీ ముంబైలోని పాత ఆర్ట్ కాలేజీ జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌తో దగ్గరి సంబంధం, అక్కడ తయారైన కుండలు, జాడీలు ఇక్కడి కలెక్షన్‌లో ఉన్నాయి. ఈ జేజే పేరు గుర్తుంచుకోండి.

మధ్యలో బిల్డింగు బాగా పాడైంది. 2003లో కార్పొరేషన్, పాత కట్టడాల్ని కాపాడే సంస్థ ఇంటాక్, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ ఒప్పందం చేసుకుని రిపేర్లు చేయించి 2008లో మళ్లీ తెరిచాయి. ఆ తర్వాతే అసలు విషయం మొదలైంది. "ఎంగేజింగ్ ట్రెడిషన్స్" అని ఒక సిరీస్ పెట్టి, మా కలెక్షన్ చూసి దానికి మీ జవాబు చెప్పండి అని ఆర్టిస్టుల్ని పిలిచారు. సుదర్శన్ శెట్టి, అతుల్ డోడియా, జితీశ్ కల్లాట్... వీళ్లంతా చదివింది ఎక్కడనుకున్నారు? అదే జేజేలో.

[విజువల్: వెదురు సారవ లాంటి శిల్పం, దూరం నుంచి మెల్లగా దగ్గరికి]

2011లో జితీశ్ పెట్టినవాటిలో ఒకటి చూస్తే, అరే, రిపేర్లు ఇంకా అవ్వలేదా అనిపిస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు వేసే వెదురు సారవ, తాళ్లతో సహా. దగ్గరికెళితే అది వెదురు కాదు, రెసిన్, స్టీల్‌తో చేసిన 120 ముక్కల శిల్పం, ఆ బొంగుల మీద జంతువులు ఒకదాన్నొకటి మింగేస్తుంటాయి, వాటి రూపాలు వీటీ స్టేషన్ (ఇప్పటి సీఎస్‌ఎంటీ) ముఖద్వారం చెక్కడాల్లోంచి తీసుకున్నవి. నాకు మాత్రం అది చూస్తే పక్కనే ఉన్న కామాఠిపురా గుర్తొస్తుంది, ఎందుకంటే ఆ పేటకి పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి ఈ ఊరి ఇళ్లూ రోడ్లూ కట్టిన మన తెలుగు కూలీల వల్ల. అదే ప్రదర్శనలో చిన్న చిన్న మనుషుల బొమ్మలతో ఇంకోటి ఉంది, సైజు చూస్తే పై అంతస్తు బొమ్మల చుట్టాలే. కాకపోతే వీళ్లు బుద్ధిగా నిలబడరు, వీధిలో పడి కొట్టుకుంటుంటారు. ఫలానా రకం అని చీటీ అంటించడం ఇక్కడ కుదరదు.

[విజువల్: మ్యూజియం ముందు గోడ, దానిమీద భారీ సాలెగూడు]

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 2013లో రీనా సైనీ కల్లాట్ చేసింది. ఈమె కూడా జేజేనే. బిల్డింగు ముఖం మీద పెద్ద సాలెగూడు కట్టారు, అదీ వందల కొద్దీ రబ్బరు స్టాంపులతో. ఒక్కో స్టాంపు మీద ముంబైలో మార్చేసిన ఒక్కో వీధి పాత పేరు, ఇంగ్లీషువాళ్ల కాలంనాటిది. మనకి తెలుసుగా, ఆఫీసులో ముద్ర పడందే ఏ పనీ కాదు, పేరు పెట్టాలన్నా తీసేయాలన్నా ఆ ముద్రే. పైగా ఆ గూడు కట్టింది పేరు మార్చుకున్న మ్యూజియానికి, అదేమో విక్టోరియా గార్డెన్స్ అనే పేరు పోగొట్టుకున్న తోటలో, అంటే ఈ రాణీబాగ్‌లోనే ఉంది. పాత పేర్లు పోయాయని ఆమె బాధపడుతోందా, పోతే పోయాయి, మంచిదే అంటోందా? నాకైతే రెండూ కాదు, ఎవరికి కోపం వచ్చినా రానీ, ఆ లెక్క ఒకచోట పెట్టి చూపించిందంతే అనిపిస్తుంది.

పాతది ఒక గోడకి, కొత్తది ఎదురుగోడకి తగిలించి "సంభాషణ" అని బోర్డు పెట్టేసే ప్రదర్శనలు బోలెడు. అవి నాకు బోర్. కొత్త పని చూశాక మళ్లీ మెట్లెక్కి ఆ మట్టిబొమ్మల్ని ఇంకోసారి చూడాలనిపించాలి, అప్పుడే టికెట్ డబ్బులు వసూలైనట్టు.

[విజువల్: బయట నల్లరాతి ఏనుగు]

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. బుధవారం సెలవు, ఆ రోజు జూ కూడా ఉండదు. ప్రత్యేక ప్రదర్శన ఏం నడుస్తోందో ముందే కనుక్కోండి, ఒక్కోసారి ఏమీ ఉండదు. బయట ఘారాపురి (ఎలిఫెంటా దీవి) నుంచి తెచ్చిన రాతి ఏనుగు ఉంటుంది, 1864లో ఇంగ్లండ్‌కి ఎత్తుకుపోదామని చూస్తే క్రేన్ విరిగి అది ముక్కలైంది, తర్వాత అతికించి నిలబెట్టారు. దాంతో సెల్ఫీ దిగడం మర్చిపోకండి, కానీ లోపలికి వెళ్లాక ముందు పై అంతస్తుకే వెళ్లండి.