పాత శుభలేఖతో మిక్స్‌డ్ మీడియా ట్యాగ్: పొర మీద పొర ఎలా వేయాలి

[టేబుల్ పై నుంచి షాట్: శుభలేఖల కట్ట, ఇన్‌లాండ్ లెటర్ జిరాక్సు, ఫెవికాల్ డబ్బా, చిల్లుల ముగ్గు ప్లేటు, పాత ఏటీఎం కార్డు]

ఈ కట్ట చూశారా, ఇవన్నీ మా ఇంటికి వచ్చిన శుభలేఖలు. మన ఇళ్లలో వీటిని ఎవరూ పారేయరు, పైన వినాయకుడో వెంకటేశ్వరస్వామో ఉంటాడు కాబట్టి చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు, అలా బీరువా మీద ఏళ్ల తరబడి ఉండిపోతాయి. నిజానికి వీటంత మంచి అట్ట డబ్బు పెట్టినా దొరకడం కష్టం. ఈరోజు వీటిల్లో ఒకదానితో ట్యాగ్ చేద్దాం, బహుమతికి కట్టే ట్యాగే, కానీ గిఫ్ట్ కవర్ చింపేశాక కూడా దాచుకునేలాంటిది.

ఇది మా చిన్నమ్మ కూతురి శ్రీమంతానికి చేస్తున్నాను. కోస్తున్న కార్డు మా చిన్నమ్మ పెళ్లిదే, ఇంకా మూడు మిగిలి ఉన్నాయి, అందుకే ధైర్యం చేశాను. ఒక్కటే ఉంటే మాత్రం కోయొద్దండి, కలర్ జిరాక్సు తీయించి దాన్ని అట్ట మీద అంటించుకోండి.

మిక్స్‌డ్ మీడియా అంటే ఏంటని చాలామంది అడుగుతుంటారు. ఒకే పనిలో కాగితం, రంగు, గుడ్డ, దారం, సిరా అన్నీ కలిపి వాడటమే. కొలాజ్ అనే మాట ఫ్రెంచిలో అంటించడం అనే మాట నుంచి వచ్చింది. 1912లో పికాసో ఒక బొమ్మలో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అంటించి, చుట్టూ అంచుకి తాడు బిగించాడు. మనం ఇప్పుడు ట్యాగ్‌కి జనపతాడు కట్టబోతున్నాం కదా, అలాంటిదే.

అయితే పొరలు వేయడం నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. చేర్యాలలో నకాషీ బొమ్మలు వేసేవాళ్లు ఖాదీ గుడ్డ మీద నేరుగా రంగు పెట్టరు, ముందు చింతగింజల జిగురు, సుద్దమట్టి, గంజి కలిపి పూత పూసి ఆరబెడతారు. కొండపల్లి బొమ్మ కూడా అంతే, తెల్లపొణికి చెక్క, దాని మీద చింతగింజల మక్కు, ఆ పైన సున్నం, చివరికి రంగు. క్రాఫ్ట్ షాపులో జెస్సో అని అమ్మే తెల్ల డబ్బా చేసే పనీ ఇదే, సుద్ద, తెల్ల రంగు, జిగురు కలిసి కింద ఉన్న దానికి గరుకుతనం ఇస్తాయి, రంగు జారిపోకుండా పట్టుకుంటుంది. చేర్యాల బొమ్మ దగ్గరగా చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది, పై రంగు అంత నిండుగా కనబడటానికి కారణం కింద కనిపించని ఆ పూతే అని.

[క్లోజప్: కార్డు మీద స్కేలు, పెన్సిలు]

సరే, కోత. 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు. పై రెండు మూలల దగ్గర అటు ముప్పావు అంగుళం, ఇటు ముప్పావు అంగుళం గుర్తు పెట్టి ఏటవాలుగా కత్తిరిస్తే ట్యాగ్ ఆకారం వచ్చేసింది. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని నేను ముందే విడిగా తీసి పక్కన పెట్టుకుంటాను, దాని మీద రంగులూ జిగురూ పూయడం నాకు ఇష్టం ఉండదు.

అట్ట మందం సంగతి. జిరాక్సు కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎమ్ ఉంటుంది, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాముల బరువు. మన పనికి 300 దగ్గర ఉంటే బాగుంటుంది, ఎందుకంటే ఇది మళ్లీ మళ్లీ తడుస్తుంది. కార్డు పల్చగా ఉంటే రెండు అంటించి, మీద బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నున్నగా మెరిసే కార్డైతే సన్నరకం ఎమ్రీ పేపరుతో మెల్లగా రుద్దాలి, మెరుపు పోయేదాకా చాలు. ఇది మానేస్తే పైన ఎంత కష్టపడి చేసినా గోరు తగలగానే పొర మొత్తం లేచి వస్తుంది.

[ఇన్‌లాండ్ లెటర్ జిరాక్సును చేత్తో చింపుతూ]

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పొర. ఇది మా అమ్మమ్మ చిన్నమ్మకి రాసిన ఉత్తరం. అసలుది భద్రంగా ఉంది, ఇది జిరాక్సు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, జిరాక్సు షాపులో వచ్చేది టోనరు, అది ప్లాస్టిక్ పొడి, వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది కాబట్టి తడి తగిలినా చెక్కుచెదరదు. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటి సిరా మాత్రం ఫెవికాల్ తగలగానే పాకిపోతుంది. అనుమానం ఉంటే ఒక మూల తడి వేలితో రుద్ది చూడండి, తెలిసిపోతుంది.

కత్తెర వద్దు, చేత్తోనే చింపండి. కత్తిరించిన అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది, చింపిన అంచు కింద కాగితంలో కలిసిపోతుంది. ఉత్తరంతో పాటు పాత తెలుగు క్యాలెండర్ కాగితం కూడా చాలా బాగుంటుంది, తిథులు, నక్షత్రాలు, వర్జ్యం, దుర్ముహూర్తం అని ఆ చిన్న అక్షరాలు నిండుగా ఉంటాయి కదా, రంగు కింద నుంచి తొంగి చూస్తే ముచ్చటగా ఉంటాయి. న్యూస్‌పేపరు వాడొచ్చు కానీ తొందరగా పచ్చబడుతుంది, ఆ చవక గుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ రంగు మారుతుంది. ఎక్కువ కాలం ఉండాలనుకునే వాటికి నేను వాడను.

రెండు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్లు. ట్యాగ్ మీద పూసి, ముక్క పెట్టి, మళ్లీ దాని మీద కూడా పూయండి. తెల్లగా ఉందని భయపడకండి, ఆరాక పారదర్శకంగా అయిపోతుంది. ఏటీఎం కార్డు అంచుతో మధ్య నుంచి బయటికి ఒత్తితే బుడగలు పోతాయి. మొత్తం కప్పేయొద్దు, అక్కడక్కడ శుభలేఖ బంగారు అచ్చు కనబడాలి. నా దృష్టిలో పొరలు వేయడమంటే అసలు విషయం ఇదే, ప్రతి పొరా కింది దాన్ని కొంచెం వదిలిపెట్టాలి, లేకపోతే అన్ని పొరలు వేసి ఏం లాభం, పైదొక్కటి వేస్తే సరిపోయేది కదా.

[ట్యాగ్ పక్క నుంచి షాట్: రెండు చివరలూ పైకి లేచి ఉన్నాయి]

చూడండి, వంకర తిరిగింది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి, పాడైపోయిందని వదిలేస్తారు. ఏం కాలేదు. తడిస్తే కాగితంలో పీచు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, పైగా ఆరే జిగురు పొర కూడా తనవైపు లాగుతుంది. ఒకవైపే తడిపాం కాబట్టి ఒకవైపే లాగింది. వెనకవైపు కూడా అదే ఫెవికాల్ నీళ్లు ఒక పూత పూస్తే రెండు వైపుల లాగుడూ సమానమవుతుంది. కాస్త ఆరాక పైనా కిందా బటర్ పేపర్ పెట్టి లావు పుస్తకాల కింద ఒక గంట ఉంచండి. నేనైతే రాత్రికి వదిలేస్తాను.

తర్వాత తెల్ల పూత. దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుకి కొంచెం జెస్సో అంటించి, టేబుల్ గుడ్డ మీద ఒకసారి తుడిచి, ట్యాగ్ మీద అక్కడక్కడ రాయండి. ఎక్కువ పడిందనుకుంటే తడి గుడ్డతో వెంటనే తుడిచేయొచ్చు. మంచు పట్టినట్టు ఉండాలి, అమ్మమ్మ అక్షరాలు సగం చదవగలిగేలా. జెస్సో లేకపోతే తెల్ల అక్రిలిక్ రంగైనా పనికొస్తుంది.

[ముగ్గు ప్లేటు క్లోజప్]

ఇది సంక్రాంతికి బళ్ల మీద అమ్మే చిల్లుల ముగ్గు ప్లేటు. స్టెన్సిల్ కొనక్కర్లేదు, కాకపోతే అడుగు చదునుగా ఉన్నది చూసి ఎంచుకోండి. ముద్దకి రెండు చెంచాల సుద్దపొడి, ఒక చెంచా ఫెవికాల్, ఒక చెంచా తెల్ల అక్రిలిక్ రంగు, మీగడ పెరుగులా వచ్చేదాకా కలపండి. సుద్దపొడి లేస్తుంది కాబట్టి కలిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ప్లేటును ట్యాగ్ మీద కదలకుండా పట్టుకుని ముద్దను ఏటీఎం కార్డుతో ఒక్కసారి గీయండి, రెండోసారి గీస్తే ముద్ద చిల్లుల కిందికి పోయి చుక్కలన్నీ కలిసిపోతాయి. నిటారుగా పైకి లేపండి. ఆహా, చూడండి ఆ చుక్కలు! ప్లేటు వెంటనే కడిగేయండి, ఎండితే సూదితో ఒక్కో చిల్లూ పొడుచుకోవాలి.

ఇప్పుడు ఆగాలి. నిజంగా ఆగాలి. విజయవాడ మే నెలలో చుక్కలు ఇట్టే ఆరిపోతాయి, అదే జూలై ముసురులో పూట పట్టినా ఆశ్చర్యం లేదు. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు కానీ జానెడు దూరం నుంచి, చెయ్యి కదుపుతూ. దగ్గర పెడితే పైన పొక్కు కడుతుంది, లోపల తడి అలాగే ఉండిపోతుంది. వేలు వెనక భాగంతో తాకి చూడండి, చల్లగా అనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే.

రంగుల దగ్గర ఈ ఆగడం ఇంకా ముఖ్యం. అక్రిలిక్ రంగుని నీళ్లలా పల్చగా కలిపి ముందు పసుపు వేస్తున్నాను. అది తడిగా ఉండగానే పక్కన ఊదా వేశామనుకోండి, రెండూ కలిసి బురద రంగు వస్తుంది. అదే పసుపు పూర్తిగా ఆరాక పల్చటి ఊదా వేస్తే రెండూ కలవవు, కింద పసుపు అక్కడక్కడ వెలుగుతూనే ఉంటుంది. అక్రిలిక్‌లో ఉన్న మంచి గుణం ఇదే, ఆరిందంటే మళ్లీ నీళ్లు తగిలినా కరగదు. వాటర్ కలర్ అలా కాదు, తడి తగిలితే మళ్లీ లేస్తుంది. పల్చటి రంగు వేశాక చుక్కల మీద మెత్తటి గుడ్డతో ఒకసారి అద్దండి, ఎత్తు తెల్లగా, పల్లం రంగుగా మిగిలి ముగ్గు బయటికి వస్తుంది.

ఇంట్లో పసుపు వాడొచ్చా అని అడిగేవాళ్లకి ఒక మాట. రంగు అద్భుతంగా వస్తుంది, కానీ వెలుతురుకి వెలిసిపోతుంది, సున్నం తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది. ఆ రోజుకి మాత్రమే కావాలంటే వాడుకోండి. అంచులకి కాఫీ డికాషన్ మాత్రం నేను ధైర్యంగా వాడతాను, చిక్కటి డికాషన్‌లో స్పాంజి ముంచి పిండి, అంచుల వెంట తాటించండి. ఉత్తరం రంగు, ట్యాగ్ రంగు కలిసిపోతాయి.

[చెక్క అచ్చు చేతిలో]

ఇది పెడన కలంకారీలో వాడే లాంటి చెక్క అచ్చు, చిన్న మామిడి పిందె. దీన్ని రంగులో ముంచకూడదు, స్పాంజితో అచ్చు మీద రంగు తాటించాలి. ట్యాగ్ కింద నాలుగు మడతలు పెట్టిన మెత్తటి గుడ్డ ఉండాలి, గట్టి బల్ల మీద నొక్కితే సగమే పడుతుంది. సగం అచ్చు ట్యాగ్ బయటికి పోయేలా వేయండి, మధ్యలో ఒక్కటే బొట్టు పెట్టినట్టు వేస్తే అతికించినట్టు ఉంటుంది. అచ్చు లేకపోతే బెండకాయ అడ్డంగా కోసి అద్దండి, చిన్నప్పుడు చేసిన పనే కదా. పార్శిల్ అట్టపెట్టె పై కాగితం ఒలిస్తే వచ్చే గీతలు కూడా చాలా బాగా పడతాయి.

ఇక ఎత్తు. టైలర్ దగ్గర మిగిలిన జరీ అంచు రెండు అంగుళాలు, దాని మీద కొంచెం పక్కకి జరిపి కలంకారీ గుడ్డ ముక్క, దాని మీద శుభలేఖలోంచి కత్తిరించిన బంగారు పువ్వు. గుడ్డకి నీళ్లు కలపని చిక్కటి ఫెవికాలే వాడండి, పల్చటిది ఇంకిపోయి పైన మచ్చ పడుతుంది. పువ్వు కింద ఫోమ్ టేపు ముక్క పెడితే నీడ పడి పైకి లేచినట్టుంటుంది. నేను జంటలు పేర్చను, ఒకటో మూడో పెడతాను. ఇక్కడ చెయ్యి ఆపుకోవడం కష్టం, పూసలు, గుండీలు, చమ్కీలు అన్నీ పెట్టాలనిపిస్తుంది. ఏదైనా అంటించే ముందు ఊరికే పెట్టి ఫోన్‌తో ఫోటో తీసి చూడండి. ఫోటోలో కన్ను ముందు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది, రెండు చోట్లకి పోతుంటే ఒకటి తీసేయండి.

చిల్లు పొడిచే ముందు ఆ చోట వెనక చిన్న గుండ్రటి అట్ట ముక్క అంటించండి, తాడు లాగినా చిరగదు. పంచింగ్ మిషన్ ఇన్ని పొరలకి దిగకపోతే అట్ట మీద పెట్టి దబ్బనంతో పొడవండి. జనపతాడు, దానితో పాటు ఒక జరీ పోగు.

చివరగా మ్యాట్ వార్నిష్ ఒక పూత. తర్వాత ఒకరోజంతా విడిగా ఆరబెట్టండి. ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. ఒక గృహప్రవేశానికి నలభై ట్యాగులు చేశాను, పైకి ఆరినట్టే ఉన్నాయి, రాత్రి దొంతరగా పేర్చి డబ్బాలో పెట్టాను. పొద్దున్నకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తే పువ్వులు సగం ఇటు సగం అటు వచ్చేశాయి. ఆ రోజు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. అక్రిలిక్ ఆరాక కూడా వేడికీ, బరువుకీ మెత్తబడి అంటుకుంటుంది, అందుకే ఇప్పుడు ప్రతి రెండిటి మధ్యా బటర్ పేపర్ పెడతాను, ఎండలో ఉన్న కారులో అసలు వదలను.

[పూర్తయిన ట్యాగ్, కిటికీ వెలుతురులో మెల్లగా తిప్పుతూ]

ఇదిగోండి. ఇక్కడ చిన్నమ్మ పెళ్లి కార్డు బంగారు అంచు, దాని మీద క్యాలెండర్‌లో తిథి, పసుపు, పల్చటి ఊదా, ముగ్గు చుక్కలు. ఈ పువ్వు పక్కన కొంచెం వంగి చూడండి, తెల్ల పూత కింద నుంచి అమ్మమ్మ రాత. ముందు మాటలు కప్పబడిపోయాయి. ‘ఒంట్లో ఎలా ఉందో రాయి’ అన్నది మాత్రం చదవగలుగుతున్నాం.

వెనక వైపు ఖాళీగా వదిలేశాను. అక్కడ చిన్నమ్మ తన కూతురికి తన చేత్తోనే రాస్తుంది.