పెరటి తోటలో గొంగళి పురుగులు: మందు కన్నా ముందు చూడాల్సింది

పెరటి తోట మిత్రులందరికీ నమస్కారం.

నిన్నటిదాకా నవనవలాడిన మొక్క తెల్లారేసరికి ఈనెలతో మిగిలిందని చాలామంది బాధపడతారు. ఆ ఆకులు తిన్న గొంగళి పురుగులు ఒక్క రాత్రిలో వచ్చిపడినవి కావు. వారం పది రోజులుగా ఆ మొక్క మీదే ఉన్నాయి, చిన్నవి కాబట్టి కంటబడలేదు. సాధారణంగా గొంగళి పురుగు రెండు మూడు వారాల్లో నాలుగైదు సార్లు కుబుసం విడిచి పెరుగుతుంది. మొత్తం తినే ఆకులో అధికభాగం చివరి రెండు దశల్లోనే తింటుంది. అందుకే ఏ మందు కొట్టాలని అడిగేముందు పురుగు ఎంత పెరిగిందో చూడండి.

వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడాలి. పొగాకు లద్దె పురుగు తల్లి రెక్కల పురుగు ఆకు అడుగున వందల గుడ్లను కుప్పగా పెట్టి, పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. పిల్ల పురుగులు కొద్ది రోజులు అక్కడే గుంపుగా ఉండి పచ్చదనాన్ని గీకి తింటాయి, ఆకు జల్లెడలా అవుతుంది. ఆ ఒక్క ఆకు తుంచి సబ్బు నీళ్ళలో ముంచితే వందల పురుగుల పని అయిపోతుంది. రెండు రోజులు ఆలస్యమైతే అవి తోటంతా చెదిరిపోతాయి. శనగపచ్చ పురుగు అలా కాదు, గుడ్లు విడివిడిగా పెడుతుంది. దాని పిల్ల కాయలోకి తొలిచాక పైన కొట్టిన మందు తగలదు. రంధ్రం పడ్డ కాయలు కోసి తోట నుంచి తీసేయడమే దారి.

పెరిగిన లద్దె పురుగులు పగలు మట్టిలో, ఆకుల చెత్త కింద దాక్కుంటాయి. చీకటి పడ్డాక టార్చిలైటుతో ఏరండి. తడి గోనెపట్టా మొక్కల మధ్య పరిచి ఉంచితే తెల్లవారేసరికి దాని కిందికి చేరతాయి, అప్పుడు ఏరడం సులువు. నూగు ఉన్న పురుగులను చేత్తో ముట్టుకోవద్దు. దద్దుర్లు, మంట వస్తాయి, గ్లవ్స్ వేసుకోండి.

చిన్న పురుగులు ఏరలేనంత ఎక్కువైతే బీటీ మందు మంచిది. అది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి. పురుగు ఒంటి మీద పడితే దానికి ఏమీ కాదు, మందు ఉన్న ఆకును అది తినాలి. తిన్న కొన్ని గంటల్లో మేత మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు పురుగు కదులుతోందని మందు పనిచేయలేదనుకుని ఇంకేదో కొట్టేయడం చాలామంది చేసే పొరపాటు. ఎండకు దీని శక్తి తగ్గిపోతుంది, కాబట్టి సాయంత్రమే, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. వారంలోపు మళ్ళీ కొట్టాలి, వాన పడితే ఇంకా ముందే. మోతాదు డబ్బా మీద రాసినట్టే వేయండి. ఈ సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో మొదట గుర్తించింది జబ్బుపడ్డ పట్టుపురుగుల్లోనే. కాబట్టి పట్టుపురుగులు పెంచేచోట, మల్బరీ దగ్గర దీన్ని వాడకూడదు.

వేప గింజల కషాయానికి లీటరు నీటికి ఆ గింజల లోపలి పప్పు పొడి 50 గ్రాములు లెక్క. పలుచని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, మర్నాడు పిండి వడకట్టి, లీటరుకు 1 గ్రాము సబ్బు పొడి కలిపి ఆ సాయంత్రమే కొట్టేయాలి. నిల్వ ఉంచితే గుణం పోతుంది. వేప నూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు. ముందు నూనెలో సబ్బు నీరు కలిపి తెల్లగా పాలలా అయ్యాకే మిగతా నీరు పోయాలి. నూనె పైన తేలితే ఒక ఆకు మాడుతుంది, పక్క ఆకుకు మందే అందదు. వేప పురుగును వెంటనే చంపదు. మేత తగ్గించి, కుబుసం విడవకుండా అడ్డుకుంటుంది. పెద్ద పురుగుల మీద దీనిపై ఆశ పెట్టుకోకండి.

ఘాటైన రసాయనాలతో మొదలుపెట్టకండి. పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగల లాంటి పరాన్నజీవులూ, సాలీళ్ళూ వాటితో పోతాయి. పైరెత్రాయిడ్ అనే రకం రసాయన మందుల తర్వాత ఆకుల రసం పీల్చే నల్లి విజృంభించడం తరచూ జరిగేదే. ఒంటి మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్ళున్న పురుగు కనబడితే దాన్ని వదిలేయండి. అది ఇక పెద్దగా తినదు, ఆ గూళ్ళలోంచి వచ్చే కందిరీగలు మరిన్ని పురుగులను పడతాయి.

కాపు ముగిసి మొక్కలు పీకాక, మట్టిని నాలుగైదు అంగుళాల లోతున తిరగేయండి. పురుగులు రెక్కల పురుగులుగా మారే గోధుమరంగు కోశాలు బయటపడతాయి, పక్షులు ఏరుకుంటాయి. దోమతెర కప్పాలనుకుంటే ఈ పని అయ్యాకే కప్పండి. లేకపోతే మట్టిలోంచి లేచిన రెక్కల పురుగులు తెరలోపలే గుడ్లు పెడతాయి.