ఒక్క 'ఐ' తేడాతో ఏడాది మారిపోద్ది: పోస్ట్‌గ్రెస్ డేట్ ఫార్మాటింగ్ పేజీ రివ్యూ

హాయ్ అండీ, ఇవాళ రివ్యూ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో తేదీని టెక్స్ట్‌గా మార్చే టు_చార్ ఫంక్షన్ ఫార్మాట్‌లు ఉండే పేజీ. అందరికీ ఫ్రీగా ఉండేదే, నాకెవరూ డబ్బులివ్వలేదు. అందులో ఏ కోడ్ రాస్తే ఏం వస్తుందో చెప్పే టేబుల్ ఉంటుంది, గంటలు నిమిషాలు బానే ఉన్నాయి, వదిలేద్దాం.

నా బాధంతా ఒక్క 'ఐ' గురించి. వైవైవైవై అంటే మామూలు గ్రెగోరియన్ సంవత్సరం, ఐవైవైవై అంటే ఐఎస్ఓ 8601 (తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం) వారాల లెక్క సంవత్సరం. ఇందులో వారం సోమవారం మొదలవుద్ది, ఏడాదిలో మొదటి గురువారం ఏ వారంలో పడితే అదే ఒకటో వారం. 2024 డిసెంబర్ 30 సోమవారం కదా, ఆ వారం గురువారం జనవరి 2, అంటే ఆ వారమంతా 2025 లెక్కలోకే పోద్ది. ఇప్పుడు ఐవైవైవై పక్కన మామూలు నెల, తేదీ పెట్టారనుకోండి, 2025-12-30 అని వస్తది, ఎర్రర్ కూడా రాదు!

నాకిది ముందు జావా ప్రోగ్రామింగ్ భాషలో తగిలింది. అక్కడ చిన్న వై మామూలు ఏడాది, పెద్ద వై వారాల ఏడాది. నేను పెద్దవి కొట్టా, నెలల తరబడి రిపోర్ట్ బ్రహ్మాండంగా నడిచింది, డిసెంబర్ చివర్లో ఎంట్రీలన్నీ వచ్చే ఏడాదికి పోయాయి, రెండు రోజులు టైమ్‌జోన్‌ని అనుమానిస్తూ కూర్చున్నా.

అసలు తికమక ఎక్కడంటే, 2024-12-30 అని రాయడాన్ని కూడా మనం ఐఎస్ఓ ఫార్మాట్ అనే అంటాం, దాంతో ఐ ఉన్నదే కరెక్ట్ అనుకుంటాం. పాత వెర్షన్లలో ఉత్త 'ఐఎస్ఓ సంవత్సరం' అనే ఉండేది, ఇప్పుడు 'వారాల లెక్క' అన్న మాట చేర్చారు, ఆ ఒక్క మాట నాకు భలే నచ్చింది. వారాల లెక్కనీ మామూలు తేదీనీ కలిపితే టు_డేట్ (టెక్స్ట్‌ని తేదీగా మార్చేది) ఒప్పుకోదు, టు_చార్ ఒప్పుకుంటుంది అని హెచ్చరిక కూడా ఉంది. కానీ అది టేబుల్ దాటి ఎంతో కిందికి వెళ్తే గానీ కనపడదు, ఒక్క లైన్ కాపీ చేసుకోడానికి వచ్చినవాడు అంత కిందికి ఎందుకు పోతాడండీ? ఆ లైన్‌లోనే పెట్టాలి!

ఇంకోటి, అదే టేబుల్‌లో 'జె' కోడ్ ఇచ్చేది జూలియన్ డే, అంటే క్రీస్తుపూర్వం 4714 నవంబర్ 24 నుంచి రోజుల లెక్క. జూలియన్ క్యాలెండర్‌తో దాన్ని కలపొద్దు. గ్రెగోరియన్ క్యాలెండర్ మొదలైన 1582కి ముందు తేదీలకి కూడా పోస్ట్‌గ్రెస్ గ్రెగోరియన్ రూలే వాడుద్ది, ఆ సంగతి ఎక్కడో వెనక అనుబంధంలో ఉంటుంది.

సమాచారానికి ఫుల్ మార్కులు, పెట్టిన చోటుకి సగమే. మీ కోడ్‌లో ఐవైవైవై వెతకండి, పక్కన ఎమ్ఎమ్ (మామూలు నెల కోడ్) కనిపిస్తే ఇవాళే మార్చేయండి, డిసెంబర్ దాకా ఆగొద్దు.