గాయం తర్వాత మళ్లీ మారథాన్: మెబ్ కెఫ్లెజిగీ ఎలా తిరిగొచ్చాడు?

నమస్తే అండి, హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను. గాయం వల్ల నెలల తరబడి పరుగు మానేసినవాళ్లు మన వరంగల్‌లో చాలామందే ఉన్నారు. మళ్లీ గ్రౌండ్‌కి వచ్చిన మొదటి రోజే పాత స్పీడ్ కోసం చూస్తారు. ఈ వీడియో వాళ్ల కోసమే.

మెబ్ కెఫ్లెజిగీ పుట్టింది ఎరిత్రియాలో, పరుగెత్తింది అమెరికా తరఫున. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ మారథాన్‌లో వెండి పతకం తెచ్చాడు. 2007 నవంబర్‌లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో జరిగిన ఒలింపిక్ సెలక్షన్ రేసులో మాత్రం ఎనిమిదో స్థానంలో ఆగిపోయాడు. తుంటి దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు. అదే రేసులో అతని స్నేహితుడు ర్యాన్ షే పరుగెత్తుతూనే కుప్పకూలి చనిపోయాడు. ఒంటికి గాయమైంది, తోటివాడూ పోయాడు, బీజింగ్ ఒలింపిక్స్ కూడా పోయింది. ఆ స్థితి నుంచి 2009లో న్యూయార్క్ మారథాన్ గెలిచాడు, ఫినిష్ లైన్ మళ్లీ ఆ సెంట్రల్ పార్కులోనే!

ఆ తర్వాత కూడా షూ కంపెనీ కాంట్రాక్టు పొడిగించలేదు. 2014లో బోస్టన్ మారథాన్‌కి వచ్చేసరికి 39వ పుట్టినరోజుకు ఇంకా రెండు వారాలే ఉంది. ముందు ఏడాది ఆ రేసులోనే బాంబులు పేలాయి. ఆ దాడిలోనూ, ఆ తర్వాతి రోజుల్లోనూ చనిపోయిన నలుగురి పేర్లు తన నంబర్ బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబర్ కాగితం) నాలుగు మూలల్లో చిన్న అక్షరాలతో పెన్నుతో రాసుకుని పరుగెత్తాడు. ఇతను ముందుకు వెళ్తుంటే, ఈ వయసులో ఎంతసేపు ఉంటాడులే అన్నట్టు మిగతావాళ్లు వదిలేశారు. చివర్లో కెన్యా రన్నర్ విల్సన్ చెబెట్ తరుముకుంటూ దగ్గరికి వచ్చినా, మెబ్ 11 సెకన్ల తేడాతో గెలిచాడు. 2 గంటల 8 నిమిషాల 37 సెకన్లు, అతని జీవితంలోనే బెస్ట్ టైమ్.

ఈ కథ చెప్పేవాళ్లంతా పట్టుదల అంటారు. నాకైతే ఇందులో ఓపికే ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే మళ్లీ మొదలుపెట్టాక ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తుంది. ఎముక, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు అంత తొందరగా రావు. ఆయాసం రావట్లేదు కదా అని స్పీడ్ పెంచుతాం, అక్కడే మళ్లీ దెబ్బ తింటాం.

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే తమ్ముళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలన్న టెన్షన్‌లో, కాలు వాచినా స్ప్రే కొట్టుకుని పరుగెడతారు. దయచేసి ఒక్కసారి చూసుకోండి. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రండి. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే అది ఎక్కువగా కండరం, ఎముక పొర ఒత్తిడి. రూపాయి బిళ్లంత చోటే చురుక్కుమంటే, రాత్రి పడుకున్నా లాగుతుంటే, అది ఎముకలో పగులు కావచ్చు. పరుగు ఆపేసి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఆ మాట కూడా డాక్టర్‌ని అడగండి.

డాక్టర్ సరే అన్నాక వడ్డెపల్లి చెరువు కట్ట మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా మొదలుపెట్టండి. రోజు విడిచి రోజు చాలు. మీకంటే వెనకుండే కుర్రాళ్లు దాటేసి పోతారు. పోనివ్వండి. మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు నొప్పి లేకపోతేనే ఇంకో నిమిషం కలపండి. పిక్కల బలం కోసం మెట్టు అంచున చేసే వ్యాయామం తర్వాతి వీడియోలో చేసి చూపిస్తాను.