రంగం భోజనం: మొదటిసారి తినేవాళ్ళకి

శ్రోతలకు నమస్కారం.

మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి ఒకప్పుడు వేలమంది ఓడెక్కి రంగం వెళ్ళారు. రంగమంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి యాంగోన్. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే అనేవారు. 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడూ, మళ్ళీ 1960లలోనూ చాలామంది తిరిగొచ్చేశారు. అన్ని రాకపోకలున్నా ఆ ఊరి వంట మాత్రం మనలో చాలామందికి కొత్తే. అందుకే అక్కడి అన్నం హోటల్లో తొలిసారి కూర్చుంటే ఏది ఎలా తినాలో ఇవాళ చెప్పుకుందాం.

ఆ హోటల్ని థమిన్ సైన్ అంటారు. వండిన కూరలన్నీ గిన్నెల్లో ఎదురుగా పెట్టి ఉంటాయి. వేలు పెట్టి చూపిస్తే చాలు. చాలాచోట్ల డబ్బు కూరకే. అన్నం, పల్చటి సూపు, పచ్చి కూరగాయల పళ్ళెం దాని వెంట వాటంతట అవే వస్తాయి. ఈ సంగతి తెలియక నలుగురికి ఎనిమిది కూరలు చెప్పేస్తే బల్ల నిండిపోతుంది, తిండి మిగిలిపోతుంది. మనిషికొక కూర, ఇద్దరికి కలిపి ఒక సలాడు సరిపోతాయి.

కూర గిన్నెలో ముందు కనబడేది పైన తేలిన ఎర్రటి నూనె. అది చూసి భయపడకండి. ఉల్లి, వెల్లుల్లి, అల్లం నూరి, పసుపూ కారమూ వేసి, తడంతా ఇగిరి నూనె పైకొచ్చేదాకా మగ్గిస్తారు. దాన్ని సీప్యాన్ అంటారు, నూనె తిరిగొచ్చిందని అర్థం. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో కూరకి గాలి తగలకుండా కాచింది ఆ నూనే, మన ఆవకాయ మీద నూనెలాగ. గిన్నె కలిపేశారో, రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది. చెంచాని నూనె కిందికి దించి ముక్కా గుజ్జూ తీసుకోండి. కూరలో ఉప్పు గట్టిగానే ఉంటుంది కాబట్టి ముద్దలో అన్నం ఎక్కువ, కూర తక్కువ ఉండాలి. సూపు చివరిదాకా దాచుకోవద్దు, మధ్యమధ్య గుక్కెడు తాగుతూ ఉంటే నోరు తేటపడుతుంది.

కూరగాయల పక్కన చిన్న గిన్నెలో గోధుమరంగు పులుసు ఉంటుంది. అది న్గపి, ఉప్పులో ఊరిన చేపలతోనో రొయ్యలతోనో చేసింది. వాసన ఘాటు. చారులా అన్నంలో పోసుకుంటే ఉప్పుకి తినలేరు. దోసకాయ ముక్క కొసని అందులో ముంచి కొరకండి, చాలు.

తెలుగువాళ్ళు తప్పకుండా అడగాల్సింది చిన్‌బౌంగ్ చౌ. చిన్‌బౌంగ్ అంటే మన గోంగూరే! వెదురు కొమ్ములు, పచ్చిమిర్చి, ఎండు రొయ్యలతో వేయిస్తారు. మన పచ్చడిలా మెత్తగా నూరరు. ఆకు పులుపు నాలిక్కి తగులుతూనే వెదురుముక్క కరకరమంటుంది. మొదటి ముద్ద దీనితోనే మొదలుపెట్టడం మంచిది.

ఇక లఫె తోక్, టీ ఆకు సలాడు. తోక్ అంటే చేత్తో కలిపినదని. లేత టీ ఆకుల్ని ఆవిరి పట్టి, గట్టిగా అదిమి నెలల తరబడి పులియబెడతారు. ముదురాకుపచ్చ ముద్ద చుట్టూ వేయించిన చిక్కుడు గింజలు, వేరుశనగపప్పు, నువ్వులు, వేయించిన వెల్లుల్లి, టమాటా, క్యాబేజీ ఉంటాయి. ఆకు ఒక్కటే నోట్లో వేసుకుంటే చేదే మిగులుతుంది. నిమ్మరసంతో అన్నీ కలిపితేనే దాని రుచి. కలిపాక ఐదు నిమిషాల్లో తినెయ్యాలి, లేకపోతే గింజలు మెత్తబడి కరకర పోతుంది. అది టీ ఆకే కాబట్టి రాత్రిళ్ళు ఎక్కువ తింటే నిద్ర పట్టదు.

శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆకుకూరల్లో, సలాడ్లలో కూడా రొయ్యపొడి, చేప సాసు పడతాయి. తెత్ తత్ లుత్ అంటే శాకాహారం. ఆ మాట చెప్పి ఊరుకోకుండా, ఈ రెండూ వెయ్యొద్దని విడిగా చెప్పండి. వేరుశనగ పడనివాళ్ళు నూనె గురించి కూడా అడగాలి.

మొహింగా తినాలంటే పొద్దున్నే వెళ్ళాలి, అది ముఖ్యంగా ఉదయపు ఫలహారం. వాలుగలాంటి చేప, నిమ్మగడ్డి, అరటి దూటతో కాచిన చారుని శనగపిండితోనో వేయించిన బియ్యప్పిండితోనో చిక్కబరిచి, బియ్యపు సేమ్యా మీద పోస్తారు. ముందు ఒట్టి చారు రుచి చూడండి. ఆ తర్వాతే నిమ్మకాయ పిండుకుని, ఎండుకారం చల్లుకోండి. చేప సాసు అందులో ముందే ఉంటుంది, చూడకుండా ఇంకా పోస్తే ఉప్పు కషాయమే. పప్పు వడియం లాంటి పేచౌని తినబోయే ముందు విరిచి వేసుకోండి. ముందే వేస్తే నాని ముద్దయిపోతుంది. గిన్నె చల్లారనివ్వకండి, పిండి వల్ల చారు గడ్డకడుతుంది, సేమ్యా ఉన్న తడంతా పీల్చేస్తుంది.

భోజనమయ్యాక తాటిబెల్లం ముక్కలు తెచ్చిపెడతారు. ఒకటి బుగ్గన పెట్టుకుని, బల్ల మీది ఫ్లాస్కులోంచి పాలు లేని టీ వంపుకుని తాగండి. ఆ టీకి డబ్బు తీసుకోరు.