కొత్త లైటు కొనే ముందు ఆ మూత అద్దం చూడండి

యాంకర్: తర్వాతి కాల్ వనస్థలిపురం నుంచి. చెప్పండమ్మా, వినిపిస్తోంది.

కాలర్: నమస్తే సార్. మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. గప్పీ చేపలు, కొన్ని మొక్కలు. నెల రోజుల్నుంచి మొక్కల కింది ఆకులు పసుపుపచ్చగా అయిపోయి ఊడిపోతున్నాయి. షాపులో అడిగితే లైటు చాలట్లేదు, నాలుగు వేలది ఉంది తీసుకోండి అన్నారు.

నిపుణుడు: ఆగండమ్మా, ఆ నాలుగు వేలు అలాగే ఉంచండి. ఇప్పుడేం లైటుంది?

కాలర్: మామూలు ఎల్ఈడీ ట్యూబు సార్, 10 వాట్లది. డబ్బా మీద వెలుగు 1,000 ల్యూమెన్లు అనుంది.

నిపుణుడు: మీ ట్యాంకు అడుగు ఎత్తు, అడుగు వెడల్పేనా? అయితే 56 లీటర్ల దాకా పడతాయి. వాలిస్నేరియా, జావా ఫెర్న్, అనూబియాస్ లాంటి మొక్కలకు ఆ లైటు సరిపోతుంది. కాకపోతే అది నీళ్లలోకి దిగుతోందా అన్నదే నా అనుమానం. ట్యాంకు మీద అద్దం మూత ఉందా?

కాలర్: ఉంది సార్.

నిపుణుడు: ముందు ప్లగ్గు తీసేసి, ఆ అద్దం పట్టుకుని కిటికీకేసి చూడండి. మేం లైన్లోనే ఉంటాం.

కాలర్: (కాసేపటికి) అయ్యో, అవతల ఏమీ కనపడట్లేదు సార్! గోరుతో గీకితే తెల్లటి పొడి రాలుతోంది.

నిపుణుడు: బోరు నీళ్లే కదా పోసేది? బక్కెట్ల మీద కట్టే ఉప్పే అది. నిమ్మచెక్కతోనో వెనిగర్‌తోనో రుద్ది, బాగా కడిగి పెట్టండి. సబ్బు మాత్రం వద్దు, చేపలకు ప్రమాదం. నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?

కాలర్: పల్చటి టీలాగా. మొద్దు ఒకటి వేశాను, దానివల్లేమో.

నిపుణుడు: దానివల్లే. చేపలకేం కాదు గానీ, మొక్కలకు పనికొచ్చే నీలికాంతిని ఆ రంగు నీళ్లు ముందే మింగేస్తాయి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి. పైన ఏమైనా తేలుతున్నాయా?

కాలర్: అంతరతామర సార్. చాలా అందంగా పరుచుకుంది.

నిపుణుడు: (నవ్వు) అదీ అసలు సంగతి! గొడుగు పట్టుకుని ఎండ రాలేదంటే ఎలాగమ్మా? సగానికి పైగా తీసేయండి.

కాలర్: మా అత్తయ్యగారు ట్యాంకును కిటికీ దగ్గరికి జరపమంటున్నారు.

నిపుణుడు: వద్దని చెప్పండి. ఎండ నేరుగా పడితే నాచు పడుతుంది, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు కాగిపోతాయి. రోజుకెన్ని గంటలు వేస్తున్నారు లైటు?

కాలర్: పొద్దున లేవగానే వేసి, పడుకునేటప్పుడు ఆపేస్తాం.

నిపుణుడు: అంతసేపెందుకు? ఎనిమిది గంటలు చాలు. మిగతాది నాచుకు మేత. చిన్న టైమరు పెట్టేస్తే ఆ బాధే ఉండదు. ఇక పసుపు ఆకులు మళ్లీ పచ్చబడవు, కత్తిరించేయండి. మూడు వారాలు కొత్త చిగుళ్లను చూడండి. అప్పటికీ ముదురాకులు పసుపెక్కుతుంటే నత్రజని తక్కువైందేమో, ఎరువు సంగతి మాట్లాడదాం.

కాలర్: తీసేసిన అంతరతామరను మా వీధి చివర చెరువులో వేసెయ్యనా సార్?

నిపుణుడు: అస్సలు వద్దమ్మా! చెరువంతా కప్పేస్తుంది. ఎండబెట్టి కుండీల్లో మట్టికి కలిపేయండి.